అమెరికా పల్లె కౌంటీలో పొలం, మంద ఉన్నవారు ప్రభుత్వ చెల్లింపులు పొందడం ఎలా

టెక్సస్‌లోనో ఓక్లహోమాలోనో నలుగురు స్నేహితులు కలిసి 160 ఎకరాల చెక్క ఒకటి కొన్నారంటే, రిజిస్ట్రేషన్ అయిన వారంలోపే వారిలో ఎవరో ఒకరు తప్పక అడిగే ప్రశ్న ఉంది: "మనకు ఇక్కడ రైతుబంధులాంటిది ఏమైనా వస్తుందా?" వస్తుంది, కానీ ఆ దారిలో రాదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారు పాసు పుస్తకం చూసి డబ్బు వేసింది. చేను దున్నిన కౌలు రైతు పేరు ఆ జాబితాలోకి ఎక్కలేదు. పీఎం కిసాన్ కింద ఏటా వచ్చే 6,000 రూపాయలకు కూడా భూమి ఎవరి పేరున ఉందన్నదే ఆధారం. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. పంట పోతే ఎవరి జేబు ఖాళీ అవుతుందో, బీడు ఎండితే ఎవరి ఆవులు చిక్కిపోతాయో వారికే డబ్బు వస్తుంది. అదైనా, ఆ సంగతిని గడువులోపు కౌంటీ (మన జిల్లాలాంటిది) కార్యాలయంలో నమోదు చేయించుకుని, దాని కాగితం దగ్గర పెట్టుకున్నవారికే వస్తుంది.

కింద చెప్పిన పరిమితులు, ధరలు 2018 నాటి ఫార్మ్ బిల్లు అనే వ్యవసాయ చట్టం ప్రకారం, దానిలో 2025 జూలై 4న సంతకమైన చట్టం చేసిన మార్పుల ప్రకారం ఉన్నాయి. ఉదాహరణలకు నేను టెక్సస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్ ప్రాంతాన్ని తీసుకున్నాను. అక్కడ ఒకే కుటుంబం గోధుమ వేయడం, అదే గోధుమలో చలికాలమంతా ఎద్దు దూడలను మేపడం మామూలు కాబట్టి, పంట చెల్లింపులూ పశువుల చెల్లింపులూ రెండూ ఒకేచోట కనిపిస్తాయి.

మొదట తేల్చుకోవలసింది: నష్టం ఎవరిది?

కార్యాలయానికి వెళ్లే ముందు మీ కౌలు పత్రాన్ని బయటికి తీసి చదవండి. ఎకరానికి ఏటా ఇన్ని డాలర్లు అని నగదు కౌలుకు ఇచ్చి ఉంటే, పంట పండినా ఎండినా మీ డబ్బు మీకు వస్తుంది కాబట్టి, ప్రభుత్వం దృష్టిలో ఆ చేనులో మీకు నష్టభయం లేదు. పంట చెల్లింపులు మొత్తం కౌలు రైతుకే వెళ్తాయి. పంటలో మూడో వంతు మీది, మిగతాది అతనిది అని పాలుకు ఇచ్చి ఉంటే చెల్లింపు కూడా అదే నిష్పత్తిలో చీలుతుంది. పాలుకు ఇచ్చిన భూస్వామి తాను ట్రాక్టర్ ఎక్కకపోయినా, భూమి తనది, పంటలో వాటా తనది, ఆ వాటా మేరకు నష్టమూ తనదే కాబట్టి వ్యవసాయంలో పాలుపంచుకుంటున్నట్లే లెక్క. ఈ రెండింటికీ మధ్యరకంగా, కనీసం ఇంత నగదు, ధర బాగుంటే ఇంకొంత అని రాసుకునే ఒప్పందాలు కూడా ఉంటాయి. అటువంటిది మీదైతే సంతకం పెట్టకముందే దాన్ని కౌంటీ కార్యాలయానికి చూపించి, వాళ్లు దాన్ని ఏ రకంగా లెక్కిస్తారో తెలుసుకోండి. నగదు కౌలు తీసుకుంటూనే, చెల్లింపులో సగం తనకు ఇవ్వమని కౌలు రైతును నోటిమాటగా అడిగేవారున్నారు. అది తప్పుడు ధ్రువీకరణకు దారితీసే పని, చేయకండి.

బీడు సంగతీ ఇంతే. పచ్చిక భూమి మీదై, ఆవులు పక్కనే పశువులు పెంచే రాంచర్‌వై, అతను మీకు కౌలు కడుతుంటే, కరవు సాయం ఆవుల యజమానికి వస్తుంది.

ఇక్కడే ఇంకో అపోహను కూడా తీర్చేయాలి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు "ఆగ్ ఎగ్జెంప్షన్" కోసం నాలుగు మేకలనో, కొన్ని తేనెటీగల పెట్టెలనో పెట్టుకుని, తమకు ప్రభుత్వ వ్యవసాయ సాయం అందుతోందని చెప్పుకుంటూ ఉంటారు. అది కౌంటీ అప్రైజల్ జిల్లా ఆస్తి పన్ను లెక్కించే పద్ధతి మాత్రమే. కేంద్ర వ్యవసాయ శాఖ చెల్లింపులకూ దానికీ సంబంధం లేదు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది రాదు.

వీసా మీద ఉన్నవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి

ఈ చెల్లింపుల నిబంధనలలో అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు ఒక వర్గం. మిగిలిన అందరూ, హెచ్-1బీ మీద ఇరవై ఏళ్లుగా పన్ను కడుతున్నవారు సహా, విదేశీ వ్యక్తులు. విదేశీ వ్యక్తి పంట చెల్లింపులకు అర్హుడు కావాలంటే భూమి, పెట్టుబడి పెట్టడమే కాకుండా తన ఒంటి శ్రమను కూడా గణనీయంగా పెట్టాలి. వారమంతా ప్లేనోలో కూర్చుని కోడ్ రాసి, శనివారం పూట పొలం చూసి వచ్చేవారు ఆ మాట చెప్పలేరు. పదిమంది కలిసి ఎల్‌ఎల్‌సీ పెట్టుకున్నా తప్పించుకునే దారి లేదు: ఆ సంస్థలో 10 శాతానికి మించిన వాటా ఇలాంటివారి చేతిలో ఉంటే సంస్థనే విదేశీ సంస్థగా చూస్తారు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది, దాన్ని అమ్మకం ఏజెంట్లు చాలామంది చెప్పరు. 1978 నాటి విదేశీ వ్యవసాయ పెట్టుబడుల వెల్లడి చట్టం ప్రకారం, పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేని వ్యక్తి వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల లోపు ఎఫ్‌ఎస్‌ఏ-153 అనే ఫారంతో ఆ కొనుగోలును తెలియజేయాలి. ఈ ఫారం ఇవ్వవలసింది కూడా మనం చెల్లింపుల కోసం వెళ్లే కౌంటీ కార్యాలయంలోనే. చెప్పకుండా ఊరుకుంటే భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా వేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. మీకు చెల్లింపులు అక్కరలేకపోయినా ఈ ఫారం మాత్రం తప్పదు.

కౌంటీ కార్యాలయంలో మొదటి రోజు

మీరు వెళ్లవలసింది వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, అంటే ఎఫ్‌ఎస్‌ఏ, కౌంటీ కార్యాలయానికి. సాధారణంగా ఇది ఊరి చివర, పశువుల దాణా దుకాణం పక్కనో గిడ్డంగుల పక్కనో, యూఎస్‌డీఏ సర్వీస్ సెంటర్ అన్న బోర్డుతో ఉంటుంది. నేల, నీటి సంరక్షణ చూసే ఎన్‌ఆర్‌సీఎస్ కూడా చాలాచోట్ల అదే కప్పు కింద ఉంటుంది. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, అన్నింటికీ విడి కార్యాలయం లేదు. జనాభా తక్కువైన కౌంటీల పనిని పక్క కౌంటీ కార్యాలయం చూస్తుంది. కాబట్టి ముందుగా ఫోన్ చేసి, మీ భూమి ఏ కార్యాలయం కిందికి వస్తుందో అడిగి, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి.

భూమి దస్తావేజు నకలు, కౌలు పత్రం, గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబరు, సంస్థ పేరు మీదైతే దాని పన్ను గుర్తింపు సంఖ్య, వాటాదారుల ఒప్పందం, సంతకం చేసే అధికారం ఎవరిదో చూపే కాగితం, బ్యాంకు ఖాతా వివరాలు వెంట ఉంచుకోండి. మీరు దూరంగా ఉండి, పొలం చూసే మనిషి ద్వారా పనులు జరిపించాలనుకుంటే ఎఫ్‌ఎస్‌ఏ-211 అనే అధికార పత్రం కూడా అప్పుడే ఇచ్చేయండి. గడువు చివరి రోజున మీరు హైదరాబాద్‌లో పెళ్లిలో ఉండగా, సంతకం కోసం ఇక్కడ ఒకరు పరుగులు పెట్టే పరిస్థితి దీనితో తప్పుతుంది.

ఆ రోజు మీ ముందు బల్ల మీద పరిచేది ఆకాశం నుంచి తీసిన ఫోటో పటం. మీ చెక్క చుట్టూ గీత, లోపల ఒక్కో మడికి విడి గీత, మడి మధ్యలో దాని సంఖ్య, ఎకరాలు దశాంశాలతో సహా ఉంటాయి. పై నుంచి కిందికి మూడు మెట్లు: ఫార్మ్ నంబరు, దాని కింద ట్రాక్ట్ నంబరు, దాని కింద ఫీల్డ్ నంబరు. మన సర్వే నంబరు, సబ్‌డివిజన్ లాంటివే. ఈ పటాన్ని ఊరికే తలాడించి మడిచి పెట్టుకోకండి. టెక్సస్ వాళ్లు ట్యాంక్ అనే పశువుల చెరువు పూడిపోయి ఇప్పుడు సాగులో ఉందా, పాత కంచె జరిగిందా, గీత పక్కవాడి మడిలోకి పోయిందా అని వేలు పెట్టి చూసుకోండి. తర్వాత లెక్కలన్నీ ఈ గీతల మీదే నడుస్తాయి.

పటంతోపాటు ఎఫ్‌ఎస్‌ఏ-156ఈజెడ్ అనే ఒకటి రెండు పేజీల కాగితం అడిగి తీసుకోండి. నా లెక్కలో మొత్తం దస్త్రంలోకీ విలువైన కాగితం అదే. ఆ భూమిలో సాగు ఎకరాలెన్ని, ఏ పంటకు ఎన్ని "బేస్ ఎకరాలు" (పాత సాగు చరిత్రను బట్టి చెల్లింపు లెక్కగట్టే ఎకరాలు) ఉన్నాయి, ఎకరానికి లెక్కగట్టే దిగుబడి ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఇంకా భూమి కొననివారైతే, బేరం కుదరకముందే అమ్మేవారిని ఈ కాగితం అడగండి. పక్కపక్కనే ఉన్న రెండు చెక్కలలో ఒకదానికి వంద బేస్ ఎకరాలుండి, రెండోదానికి సున్నా ఉండవచ్చు. కంటికి రెండూ ఒకే నేల.

బయటికి వచ్చే ముందు "రిసీట్ ఫర్ సర్వీస్" అడగండి. మీరు ఏ రోజు వచ్చారు, ఏం అడిగారు, వాళ్లేం చెప్పారు అన్నది రాసిన రశీదు అది. అడిగితే ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

అర్హత కాగితాలు

ఇవి ఏ పథకానికైనా ముందు కావలసినవి కాబట్టి మొదటి నెలలోనే పూర్తి చేసుకోవడం మేలు. ఏడీ-2047లో మీ పేరు, చిరునామా, ఇతర వివరాలు ఉంటాయి. సీసీసీ-902లో ఎవరు భూమి, ఎవరు పెట్టుబడి, ఎవరు పనిముట్లు, ఎవరు శ్రమ, ఎవరు నిర్వహణ ఇస్తున్నారో చెప్పాలి. సంస్థ అయితే సభ్యుల వివరాలకు సీసీసీ-901 కూడా కావాలి. ఏడీ-1026లో, కోతకు గురయ్యే వాలు నేలను పద్ధతి లేకుండా దున్నననీ, చిత్తడి నేలను పంట కోసం ఎండగట్టననీ హామీ ఇస్తారు. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. కొత్తగా బీడు దున్నాలన్నా, మురుగు కాలువ తవ్వాలన్నా, చెట్లు కొట్టించాలన్నా బుల్‌డోజర్‌ను పిలవకముందే కార్యాలయానికి చెప్పాలి. 1985 చట్టం నుంచి ఈ నియమం ఉల్లంఘించినవారికి మిగతా చెల్లింపులు కూడా ఆగిపోతాయి.

ఆదాయ పరిమితికి సీసీసీ-941 ఉంది. సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం మూడేళ్ల సగటు 9,00,000 డాలర్లు దాటకూడదు. ఆ మూడేళ్లు ఏవన్నదాంట్లో చాలామంది పొరబడతారు: 2025 సంవత్సరపు చెల్లింపుకు చూసేది 2021, 2022, 2023 ఆదాయాలు. మన డాక్టర్ దంపతులు కొందరు ఉమ్మడి పన్ను రిటర్ను చూసుకుని మాకు రాదని వదిలేస్తారు. విడివిడిగా దాఖలు చేసి ఉంటే ఎవరి ఆదాయం ఎంత అయ్యేదో ధ్రువీకరించిన సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) లేదా న్యాయవాది పత్రంతో ఒక్కొక్కరి లెక్క విడిగా చూపించే వీలుంది. సంస్థలో సభ్యులున్నంతమందీ 941 ఇవ్వాలి; ఒక్కరు బద్ధకించినా ఆ వాటా మేరకు కోత పడుతుంది.

వ్యవసాయం మొదలుపెట్టి పదేళ్లు దాటనివారైతే సీసీసీ-860లో ఆ సంగతి రాసి ఇవ్వండి. తర్వాత చెప్పబోయే కొన్ని రుసుముల మాఫీ ఆ ఒక్క కాగితం మీదే ఆధారపడి ఉంది.

పంట నమోదు: ఇక్కడ తప్పితే అన్నీ తప్పుతాయి

ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ నమోదు లేకపోతే బీమా, నష్టపరిహారం ఎలా అందవో, ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఏ-578 లేకపోతే అలాగే ఏదీ అందదు. తేడా ఒక్కటే: అడంగల్ రాసుకుని పోవడానికి ఎవరూ మీ చేనుకు రారు, మీరే వెళ్లి చెప్పాలి. వసంతంలో వేసే పంటలలో చాలావాటికి జూలై 15, శరదృతువులో వేసే గోధుమలాంటి వాటికి చాలాచోట్ల డిసెంబరు 15, శాశ్వత పచ్చికకు నవంబరు 15 గడువులు. పంటను బట్టి, కౌంటీని బట్టి ఇవి మారతాయి కాబట్టి మీ కౌంటీ పట్టిక అడిగి తీసుకుని గోడకు అతికించుకోండి.

కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగి ఒక్కో మడికి వరసగా అడుగుతారు: ఏ పంట, ఏ రకం, ఎప్పుడు విత్తారు, నీటి పారుదలా వర్షాధారమా, పంటలో ఎవరి వాటా ఎంత, దేనికోసం వేశారు? చివరి ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పండి. గోధుమను గింజకు అంటే ఒక సంకేతం, కోసి మేతగా కట్టడానికి అంటే ఇంకొకటి, నిలువు పైరు మీద మేపడానికి అంటే మరొకటి. పాన్‌హ్యాండిల్‌లో సెప్టెంబరులో విత్తిన గోధుమలో దూడలను దించి, కణుపు కట్టే ముందు, అంటే సుమారు మార్చిలో, వాటిని తోలేస్తే అదే చేను జూన్‌లో గింజ కోతకు వస్తుంది. తోలకుండా ఉంచితే మొత్తం మేతకే పోతుంది. నాకు దగ్గరి బంధువు ఒకాయన తొలి ఏడాది, "గోధుమే కదా, గింజ అని రాయండి" అని చెప్పి వచ్చి, ఏప్రిల్ దాటినా దూడలను చేనులోనే ఉంచాడు. ఆ వేసవిలో కరవు మేత సాయానికి వెళ్లినప్పుడు, ఆ 90 ఎకరాలు కాగితంలో మేత భూమి కాదని తేలింది. తప్పు ఆయనదే. సంతకం పెట్టిన కాగితంలో ఆ సంకేతం కళ్లముందే ఉందని ఆయనే ఒప్పుకున్నాడు.

ఏమీ వేయని మడిని కూడా ఖాళీ నేల అని, పచ్చికను పచ్చిక అని ఏటా నమోదు చేయించండి. రాంచర్లు చేసే మామూలు పొరపాటు ఇదే: పచ్చిక ఎప్పుడూ ఉండేదే, దాన్ని ఏటా చెప్పడమేమిటని ఊరుకుంటారు. కరవు సాయం అడిగిన రోజున మొదట వెతికేది ఆ ఏడాది పచ్చిక నమోదునే.

విత్తలేకపోతే, చివరి విత్తు తేదీ దాటిన 15 రోజుల్లోపు సీసీసీ-576తో తెలియజేయాలి. మొలిచిన పంట పాడైతే దాన్ని దున్నేయకముందే, లేదా పశువులకు వదిలేయకముందే చెప్పాలి, ఎందుకంటే చూసి ధ్రువీకరించడానికి చేనులో ఆనవాళ్లు మిగలాలి. గడువు దాటినా రుసుము కట్టి, పంట గానీ దాని మోళ్లు గానీ చేనులో కనిపిస్తున్నంతకాలం నమోదు చేయించుకునే వీలుంది. దాని మీద ధైర్యం పెట్టుకుని ఆలస్యం మాత్రం చేయకండి.

పంటకు: ధర పడితే, రాబడి పడితే

గోధుమ, మొక్కజొన్న, జొన్న, సోయా, వేరుశనగ, వరి, గింజతో కూడిన పత్తి, శనగ వంటి పంటలకు రెండు పథకాలున్నాయి. పీఎల్‌సీ ధరను చూస్తుంది: చట్టంలో రాసిన ఆధార ధర కంటే ఆ మార్కెట్ సంవత్సరపు జాతీయ సగటు ధర తగ్గితే, ఆ తేడా ఇస్తుంది. ఏఆర్‌సీ రాబడిని చూస్తుంది: కౌంటీ మొత్తం మీద దిగుబడి, ధర కలిపిన రాబడి హామీ స్థాయి కంటే పడిపోతే ఇస్తుంది. 2025 చట్టం గోధుమ ఆధార ధరను బుషెల్‌కు (అక్కడి ధాన్యం కొలత) 5.50 డాలర్ల నుంచి 6.35కు, మొక్కజొన్నను 3.70 నుంచి 4.10కి, సోయాను 8.40 నుంచి 10 డాలర్లకు పెంచింది. ఏఆర్‌సీ హామీని మామూలు రాబడిలో 86 నుంచి 90 శాతానికి తెచ్చింది.

ఇందులో కొత్తవారికి మింగుడుపడని సంగతి బేస్ ఎకరాలది. డబ్బు వచ్చేది ఈ ఏడాది మీరు వేసిన పంటకు కాదు, ఆ భూమిలో ఎన్నో ఏళ్ల కిందటి సాగు చరిత్రను బట్టి దానికి అంటుకున్న బేస్ ఎకరాలకు. మీ 156ఈజెడ్‌లో 100 గోధుమ బేస్ ఎకరాలు, ఎకరాకు 20 బుషెళ్ల దిగుబడి ఉన్నాయనుకోండి. ఈ ఏడాది అక్కడ జొన్న వేశారు. గోధుమ సగటు ధర 5.50 డాలర్లకు పడిందనుకుంటే తేడా 85 సెంట్లు. దాన్ని 20 బుషెళ్లతో, 100 ఎకరాలలో 85 శాతంతో హెచ్చిస్తే 1,445 డాలర్లు. కేంద్ర బడ్జెట్ కోత 5.7 శాతం పోగా చేతికి దాదాపు 1,363 వస్తుంది. జొన్న వేసినవారికి గోధుమ పేరున డబ్బు రావడం వింతగా తోచినా, ఏం వేయాలో రైతే మార్కెట్‌ను చూసి నిర్ణయించుకోవాలి, ప్రభుత్వ డబ్బు కోసం పంటను ఎంచుకోకూడదు అన్నది ఆ ఏర్పాటు వెనుక ఆలోచన. మొత్తం బేస్ 10 ఎకరాలకు మించకపోతే మామూలుగా చెల్లింపు ఉండదు. కొత్త రైతులకు మినహాయింపు ఉంది, అందుకే ఆ 860 కాగితం.

2025 పంటకు రెండింటిలో ఏది ఎక్కువైతే అది వారే ఇస్తారు. ఆ తర్వాతి సంవత్సరాలకు ఏది కావాలో మీరే ఎంచుకోవాలి, అదీగాక ఏటా ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఎంచుకోవడం, చేరడం రెండూ వేరు పనులని గుర్తుంచుకోండి. ఒక మనిషికి పరిమితి ఏడాదికి 1,55,000 డాలర్లు, ధరల పెరుగుదలను బట్టి మారుతుంది. మన 160 ఎకరాల మనిషి దాని గురించి నిద్ర పోగొట్టుకోనక్కరలేదు. డబ్బు వెంటనే కూడా రాదు: మార్కెట్ సంవత్సరం ముగిసి సగటు ధర తేలాలి కాబట్టి 2025 పంట సొమ్ము 2026 అక్టోబరు తర్వాతే ఖాతాలో పడుతుంది. ఈ డబ్బును నమ్ముకుని విత్తనాల అప్పు చేయకండి.

మందకు: కరవు, మంట, తోడేలు

బేస్ ఎకరాలు లేని పచ్చిక రాంచ్‌కు పై పథకాలతో పనిలేదు. వారికి ముఖ్యమైనది ఎల్‌ఎఫ్‌పీ అనే కరవు మేత సాయం. దీనికి మీ పొలంలో గడ్డి ఎండిందా అని ఎవరూ వచ్చి చూడరు. ప్రతి గురువారం వెలువడే అమెరికా డ్రాట్ మానిటర్ పటంలో మీ కౌంటీ రంగే నిర్ణయిస్తుంది. మేత కాలంలో కౌంటీలో ఏ మూలైనా డీ2, అంటే తీవ్ర కరవు, వరసగా 8 వారాలు ఉంటే ఒక నెల మేత సాయం అన్నది పాత నియమం. 2025 చట్టం దాన్ని 4 వారాలకు తగ్గించింది. కరవు ఇంకా ముదిరి డీ3 అయితే మూడు నెలలు, డీ4 అయితే నాలుగు, డీ4 నాలుగు వారాలు నిలిస్తే ఐదు నెలల సాయం. నెల మేత ఖర్చులో 60 శాతం లెక్కగడతారు. అందువల్ల కరవు ఏళ్లలో గురువారం ఉదయం ఆ పటం చూడడం అలవాటు చేసుకోండి, రంగు మారిన వారం తేదీని రాసి పెట్టుకోండి.

కరవు మొదలైన తేదీకి ముందు 60 రోజులలో ఆ పశువులు మీవై ఉండాలి. అంటే కరవు పడ్డాక చౌకగా కొన్న ఆవులకు ఇది రాదు. ఎప్పుడు ఎన్ని ఉన్నాయో చెప్పడానికి సంత రశీదులు, టీకా బిల్లులు, బ్యాంకు దగ్గర ఉన్న మంద లెక్క పనికొస్తాయి. కౌలు బీడు అయితే కౌలు పత్రం కూడా.

పశువులు చనిపోతే ఎల్‌ఐపీ ఉంది. మంచు తుఫాను, పిడుగు, వరద, కార్చిచ్చు వంటి వాటితో మామూలుగా చనిపోయేదానికి మించి చనిపోయినవాటికి సగటు మార్కెట్ విలువలో 75 శాతం ఇస్తారు. తోడేళ్ల వంటి చట్టరక్షణ ఉన్న జంతువులు చంపితే 2025 చట్టం దాన్ని 100 శాతం చేసింది. 2024 ఫిబ్రవరి 26న పాన్‌హ్యాండిల్‌లో మొదలైన స్మోక్‌హౌస్ క్రీక్ మంట 10 లక్షలకు పైగా ఎకరాలను కాల్చింది, వేల పశువులు పోయాయి. అలాంటి రోజున కళేబరాలను పూడ్చేసే తొందరలో ఉంటారు, ఉండాలి కూడా. అయినా గొయ్యిలోకి తోసే ముందు ఫోన్ తీసి, చెవి ట్యాగు కనిపించేలా దగ్గరగా ఒకటి, వెనుక కంచె గానీ గాలిమర గానీ కనిపించేలా దూరంగా ఒకటి ఫోటో తీయండి. ఆవు, ఎద్దు, దూడ విడిగా, బరువు అంచనాతో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. వీలైతే పశువైద్యుడి చేతగానీ, మీ మంద బాగా తెలిసిన, దానిలో వాటా లేని పొరుగువాడి చేతగానీ సంతకం చేయించండి. ఆ వారంలోనే కార్యాలయానికి ఫోన్ చేసి నష్టం సంగతి చెప్పండి. కాలిపోయిన కంచెలకు ఈసీపీ అనే వేరే సాయం ఉంది, ఖర్చులో 75 శాతం దాకా వస్తుంది. కానీ స్తంభాలు పాతడం మొదలుపెట్టకముందే అడిగి తీరాలి.

కరవులో దూరం నుంచి నీళ్లు తోలినా, మేత తెప్పించినా ఆ ఖర్చులో కొంత ఈఎల్ఏపీ భరిస్తుంది. ట్రిప్పుకు ఎన్ని గ్యాలన్లు, ఎన్ని మైళ్లు అన్నది లారీ డాష్‌బోర్డు మీద పెట్టిన నోటు పుస్తకంలో ఆ రోజే రాసుకున్నవారికి ఇది తేలిక, తర్వాత గుర్తుచేసుకుని రాసేవారికి నరకం.

ముందే కొనుక్కోవలసినవి

పంట బీమా దొరకని కూరగాయలు, పండ్లు, మేత పంటలకు ఎన్ఏపీ ఉంది. రుసుము పంటకు 325 డాలర్లు, ఒక కౌంటీలో రైతుకు గరిష్ఠంగా 825. కొత్త రైతులకు మాఫీ. ప్రాథమిక స్థాయిలో దిగుబడి సగానికి మించి పోతే, ఆ మించిన భాగానికి ధరలో 55 శాతం ఇస్తుంది. మిరప, బెండ, గోంగూర వేసి ఇండియన్ స్టోర్లకు పంపే మనవాళ్లకు ఇది బాగా సరిపోతుంది, కానీ పంట వేయకముందే, ఆ పంటకు పెట్టిన గడువులోపే తీసుకోవాలి. పచ్చికకు వర్షపాతం సూచీ మీద నడిచే పీఆర్‌ఎఫ్ బీమా వేరే ఉంది. దాన్ని ఎఫ్‌ఎస్‌ఏ అమ్మదు, ప్రైవేటు ఏజెంటు దగ్గర డిసెంబరు 1 లోపు కొనాలి.

పక్క గదిలోని ఎన్‌ఆర్‌సీఎస్ వారి ఈక్యూఐపీ బోరు, పైపు లైను, కంచె, నీటి తొట్లకు ఖర్చులో వాటా ఇస్తుంది. ఒప్పందం మీద సంతకం కాకముందు ఒక్క గుంత తవ్వినా ఆ పనికి డబ్బు రాదు.

డబ్బు పడ్డాక, లేదా పడకపోతే

ఆ ఏడాది చెల్లింపులు ఒక పరిమితి దాటితే మరుసటి జనవరిలో 1099-జీ అనే పన్ను కాగితం వస్తుంది. ఇది ఆదాయమే, పన్ను రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌లో చూపించాలి. ఎవరికి ఎంత వచ్చిందన్నది గోప్యం కాదు. పేరుతో సహా ఎవరైనా చూడవచ్చు కాబట్టి, మీ పేరు ఒక జాబితాలో కనిపించిందని ఊళ్లో ఎవరైనా అంటే ఆశ్చర్యపోకండి. మీ పటంలోని గీతలు, మడుల వివరాలు మాత్రం 2008 చట్టం కింద రక్షణలో ఉన్నాయి.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం చెబుతూ ఉత్తరం వస్తుంది. అందులోని చివరి పేజీని ముందు చదవండి, అప్పీలు దారులు అక్కడే ఉంటాయి. పునఃపరిశీలన అడగవచ్చు, స్థానిక రైతులు తమలో నుంచి మూడేళ్లకు ఎన్నుకునే కౌంటీ కమిటీ ముందు మాట్లాడవచ్చు, రాష్ట్ర కమిటీకి, మధ్యవర్తిత్వానికి, ఎఫ్‌ఎస్‌ఏ అదుపులో లేని జాతీయ అప్పీళ్ల విభాగానికి వెళ్లవచ్చు. వీటన్నింటికీ ఉత్తరం అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి. ఉత్తరం వచ్చిన కవరును పారేయకండి, దాని మీద ముద్ర తేదీ ఉంటుంది. మొదటి రోజు అడిగి తీసుకున్న ఆ సర్వీసు రశీదును, 578 నకలును కవరుకు జతచేసి, అప్పీలు ఉత్తరంలో వాటి తేదీలను పేరాగ్రాఫు మొదట్లోనే రాయండి.